గాలికీ ఒక చరిత్ర ఉంది: పుప్పొడి, సిద్ధబీజాలు, గోదావరి సీమ

పరిచయం

అన్నవరంలో రత్నగిరి ఎక్కి చూస్తే పంపా జలాశయం, పొలాలు, తూర్పు కనుమల అంచు కనిపిస్తాయి. అక్కడి నుంచి దక్షిణంగా వెళితే మెట్ట ముగిసి గోదావరి డెల్టా మొదలవుతుంది. అన్నిచోట్లా గాలి ఒకటే అనిపిస్తుంది. కాని అందులో తేలే పుప్పొడి, శిలీంధ్రాల సిద్ధబీజాలు అన్నిచోట్లా ఒకటి కావు. నేలపై ఏది పెరుగుతుందో, ఏది కుళ్లుతుందో దాన్నిబట్టి అవి మారతాయి. నేలను మార్చింది మనిషి. కనుక గాలికీ చరిత్ర ఉంది. ఈ భాగంలో దాన్ని పరిశీలిద్దాం.

ఒకే సంవత్సరం, రెండు నగరాలు

1873లో మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ తన పరిశోధనలను గ్రంథంగా ప్రచురించాడు. వేసవిలో తనను వేధించే తుమ్ములకు, కళ్ల దురదకు గడ్డి పుప్పొడే కారణమని తన శరీరంపైనే ప్రయోగాలు చేసి చూపాడు. పైగాలిలోని పుప్పొడిని పట్టడానికి గాలిపటాలను వాడాడు.

అదే 1873లో కలకత్తాలో డి.డి. కన్నింగ్‌హామ్ అనే వైద్యుడు గాలిలోని సూక్ష్మకణాలపై గ్రంథం వెలువరించాడు. జైళ్ల ఆవరణల్లో గాలిని పరీక్షించి, సిద్ధబీజాలు సమృద్ధిగా ఉన్నాయని గుర్తించాడు. అయితే ఆయన వెతికింది కలరా, విరేచనాలు, జ్వరాల మూలాన్ని. ఆ జబ్బులతో వాటికి సంబంధం కనిపించలేదు.

చరిత్ర విద్యార్థి ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆధారం ఎదుటే ఉన్నా, అడిగిన ప్రశ్నకు మాత్రమే అది జవాబిస్తుంది. ఎలర్జీ అనే మాట 1906లో గాని పుట్టలేదు. దాన్ని ప్రవేశపెట్టినవాడు వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే.

శీతోష్ణస్థితి, ఎలర్జీ కారకాలు

చలి దేశాల్లో వసంతంలో చెట్ల పుప్పొడి, వేసవిలో గడ్డి పుప్పొడి, ఆ తర్వాత కలుపు మొక్కల పుప్పొడి వస్తాయి. గడ్డకట్టే చలికాలంలో గాలి చాలావరకు తేటపడుతుంది. మన తీరంలో అలాంటి విరామం లేదు. ఏడాది పొడవునా ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. తేమ వల్ల బూజులూ పెరుగుతాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన సి. సుబ్బారెడ్డి 20 మైళ్ల ఎడంలో ఉన్న రెండు చోట్ల గాలిలోని పుప్పొడిని, సిద్ధబీజాలను పోల్చి 1970లో ప్రచురించారు. ఇరవై మైళ్లకే విడిగా చూడవలసి వచ్చినప్పుడు, ఐరోపా పుప్పొడి పట్టికను మన రోగికి వర్తింపజేయడం ఎంతవరకు సబబు?

ఆనకట్ట తర్వాత

1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం జరిగింది. కాలువల వెంట వరి విస్తరించింది. కాలక్రమంలో సార్వాకు దాళ్వా తోడైంది. కరువు భయం తగ్గింది. ఆ మేలు కాదనలేనిది. అయితే వరి కూడా గడ్డి జాతి మొక్కే. తడిసిన గడ్డివాములు, కుళ్లే మోళ్లు బూజుకు నెలవులు. కుప్పనూర్పుల దుమ్ములో రైతుకూలీ పీల్చేది మట్టి ఒక్కటే కాదు. బూజుపట్టిన ఎండుగడ్డిని కదిపే ఇంగ్లండు రైతుల్లో వచ్చే ఊపిరితిత్తుల జబ్బును 1932లో క్యాంప్‌బెల్ అనే వైద్యుడు వర్ణించాడు.

తీరపు ఇసుక నేలల్లో మనం నాటిన సరుగుడు కూడా గాలి ద్వారానే పరాగసంపర్కం జరుపుకుంటుంది. యుద్ధానంతరం జపాన్ విస్తారంగా నాటిన సుగి చెట్ల పుప్పొడి జబ్బును అక్కడి వైద్యులు 1960లలో గుర్తించారు. నేడది ఆ దేశానికి పెద్ద ఆరోగ్య సమస్య.

ముగింపు

మన పల్లెల్లో ఉబ్బసాన్ని కర్మ అనో, వంశపారంపర్యమనో సరిపెట్టుకోవడం ఉంది. వంశానికి పాత్ర ఉంది, నిజమే. కాని ఆయాసం ఏ నెలలో, ఏ పనిలో పెరుగుతుందో గమనిస్తే నివారణకు దారి దొరుకుతుంది.

చేసి చూడండి

మీ ఊరిలో ఆయాసంతో బాధపడే ముగ్గురిని అడిగి, ఏ నెలల్లో ఎక్కువవుతుందో రాయండి. ఆ నెలల్లో పూసే మొక్కలను, జరిగే పొలం పనులను పక్కన చేర్చండి. ముప్పై ఏళ్ల క్రితం అక్కడ ఏ పంట ఉండేదో పెద్దలను అడగండి.