మనియార్డరు కింద మిగిలిన జాగా

సూరత్‌లోని భేస్తాన్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడిపే మనోళ్లకు మా నాయిన ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఎక్కువ మంది వరంగల్, కరీంనగర్ దిక్కు పద్మశాలీలు. 12 గంటల డ్యూటీ దిగి, దూది రాలుతున్న అంగీలతోనే వచ్చి కూర్చునేవాళ్లు.

ఉత్తరం తండ్రి పేరు మీదనే. ఇక్కడ రాసేది ఒకరు, ఊళ్లో చదివి వినిపించేది బడి పిల్లగాడో పోస్ట్‌మనో. ఇంత మంది నడుమ భార్యకు ఏం చెప్పగలడు? అందరం క్షేమం, వానలు పడ్డాయా, అంతే. అసలు సంగతి మనియార్డరు ఫారం కింద మిగిలిన చిన్న జాగాలో ఉండేది. పైకం ఇంటికి, అందులో ఇరవై రూపాయలు కోడలి గాజులకు. ఆ ఇరవై చెప్పేటప్పుడు మనిషి గొంతు తగ్గేదట. అటు నుంచి ఆమె కూడా ఎప్పుడొస్తవని అడిగేది కాదు, గోడ కూలింది, కట్టించే మనిషి లేడని రాయించేది.

1994 సెప్టెంబరులో ప్లేగు వార్తకు సూరత్ నుంచి లక్షల మంది పారిపోయారు. మనోళ్లు నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో కాలు పెట్టే సందు దొరికితే చాలనుకున్నారు. ఉండిపోయినవాళ్లు క్షేమమని టెలిగ్రామ్ కొట్టడానికీ జంకారు. ఊళ్లో టెలిగ్రామ్ అంటే చావు కబురే, విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. 2013 జులైలో టెలిగ్రామ్ సేవ ఆగిపోతే మా వాడలో ఎవరూ బాధపడలేదు.

ఎస్టీడీ బూత్ వచ్చినా వినేవాళ్లు తగ్గలేదు. ఊరి కిరాణా కొట్టుకు పీపీ నంబరు. ఒకసారి చేసి పిలిపించమని చెప్పి, కాసేపాగి మళ్లీ చేయాల్సి వచ్చేది. ఆమె వచ్చి కొట్టు ముందర నలుగురిలో నిలబడి ఊ, ఆ అనేది. ఇక్కడేమో మీటరు ఎర్ర అంకెలు ఉరుకుతుండేవి. ఎవరి పుణ్యమో, రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది. కానీ రాత్రి పాళీవాడికి అదే సాంచ ముందర నిలబడే వేళ.

2003లో సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మిస్డ్ కాలే చేరానన్న కబురయింది. 2016 తర్వాత జియో చవక డేటాతో వాట్సాప్ వాయిస్ మెసేజీలు అలవాటయ్యాయి. చదువు రాని ఆడవాళ్లకు రాసేవాడూ చదివేవాడూ అక్కర లేకుండా పోయారు. మా పక్క రూము పెద్దాయనకు ఇంటామె రోజూ పంపుతుంది: "ఇగ చాలు, ఎన్నేండ్లు గా మోత నడుమ ఉంటవ్, రా." నాయిన రాసిన ఉత్తరాల్లో ఇంత సూటి మాట ఒక్కటి లేదు.

పెద్దాయన జవాబు మాత్రం మారలేదు. రూములో ఆరుగురుంటారు మరి. "మంచిగున్న. పైసలు ఏసిన, చూసుకో" అంటాడు.