ప్రత్తిగింజ నూగు, గోటిమీది తళుకు

ఆషాఢమాసమున తొలకరి వానలు పడగానే గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో రెండు పనులు ఇంచుమించు ఒకేసారి మొదలగును. పొలములో ప్రత్తి విత్తుదురు. ఇంటిలో ఆడపిల్లలు గోరింటాకు రుబ్బి చేతులకు పెట్టుకొందురు. ఒకటి కృషి, రెండవది అలంకారము. ఈ రెంటికిని సంబంధమేమియు లేదని తోచును. కాని నేడు ఆ పిల్లలే పండుగలకు, పెండ్లిండ్లకు సీసాలోని తళుకు రంగును కూడ గోళ్ళకు పూసికొనుచున్నారు. ఆ రంగు ఆరిన తరువాత గోటిపై నిలుచు పలుచని పొరకు మూలము ప్రత్తిలోని పదార్థమే. అందు మెరయు రేకులలో ఒక రకమునకు మూలము అభ్రకము; ప్రత్తిసీమకు దక్షిణమున గూడూరు, సైదాపురము ప్రాంతముల గనులవలన నెల్లూరు సీమకు పేరు తెచ్చిన ఖనిజమది.

సీసాలో నున్నదేమో, అది ఎట్లు పుట్టినదో తెలిసినచో, ఆ రంగును ఇంటిలో ఎట్లు వేసికొనవలెనో, పెచ్చు లేచినపుడు ఎట్లు బాగుచేసికొనవలెనో, తుడిచిన దానిని ఎక్కడ పారవేయరాదో తేటపడును.

గోరింటాకు: పూత కాదు, అద్దకము

గోరింట శాస్త్రీయ నామము లాసోనియా ఇనర్మిస్. ఆకును నీటితో రుబ్బినపుడు లాసోన్ అను రంజనద్రవ్యము వెలువడును. దీని అణువులో 10 కర్బన పరమాణువులు, 6 ఉదజని పరమాణువులు, 3 ఆమ్లజని పరమాణువులు కలవు. మన గోరు, వెండ్రుక, చర్మపు పైపొర కెరటిన్ అను మాంసకృత్తుతో నిర్మితములైనవి. లాసోన్ గోటిలోనికి ఇంకి, కెరటిన్‌తో రసాయనికముగా బంధించుకొనును. అందువలననే గోరింట పండిన గోటిని ఎంత కడిగినను రంగు పోదు. చర్మముపై రంగు రెండు మూడు వారములలో వెలిసిపోవును, ఏలయన పైకణములు నిత్యము రాలిపోవుచుండును. గోటిమీద మాత్రము ఆ రంగు గోటితో పాటు పెరిగి, కొనకు చేరి, కత్తిరింపులో పోవును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. పూర్తిగా మారుటకు ఆరు నెలలు పట్టును.

పాఠశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. తెల్లని ఉన్ని దారమును, తెల్లని నూలు దారమును గోరింటాకు ముద్దలో రాత్రియంతయు ఉంచి మరునాడు కడిగినచో, ఉన్ని చక్కగా పండును, నూలు అంతగా పండదు. ఉన్ని కెరటిన్, నూలు సెల్యులోజ్. గోరింట కెరటిన్‌నే ప్రేమించును. సెల్యులోజ్ గోటి నెక్కవలెనన్న వేరొక మార్గము కావలసివచ్చినది. ఆ మార్గము తుపాకిమందు కర్మాగారముల మీదుగా వచ్చినది.

తుపాకిమందు నుండి రంగుసీసాకు

1845లో స్విట్జర్లాండులోని బేసెల్ నగరమున క్రిస్టియన్ షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ప్రత్తిపై నత్రికామ్ల, గంధకికామ్లముల ప్రభావమును పరిశీలించెను. ఒలికిన ఆమ్లములను భార్య వంటయింటి నూలుగుడ్డతో తుడిచి పొయ్యివద్ద ఆరవేయగా అది భగ్గున మండి మాయమైనదని ఒక కథ ప్రచారములో ఉన్నది. కథ ఎట్లున్నను రసాయనక్రియ నిజము. సెల్యులోజ్ గొలుసులోని ప్రతి గ్లూకోజు విభాగమందును మూడు హైడ్రాక్సిల్ సమూహములు కలవు. వానితో నత్రికామ్లము కలిసినపుడు నైట్రోసెల్యులోజ్ ఏర్పడును. అందు నత్రజని సుమారు 13 శాతమున్నచో అది తుపాకిప్రత్తి, ప్రేలుడు పదార్థము. 11, 12 శాతముల మధ్య నున్నచో అది ద్రావణులలో చక్కగా కరగి, ఆరినపుడు గాజువలె నిగనిగలాడు పొర నిచ్చును. ఒకే ప్రత్తి ఒక మోతాదులో ఫిరంగికి, మరియొక మోతాదులో గోటికి పనికివచ్చుట విశేషము.

నైట్రోసెల్యులోజ్‌ను ఈథరు, ఆల్కహాలు మిశ్రమములో కరగించిన కొలోడియన్‌ను 1840ల చివరనే వైద్యులు గాయములపై పూసి కట్టుగా వాడిరి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ దానినే గాజు పలకలపై పూసి ఛాయాచిత్రములు తీయు పద్ధతిని ప్రకటించెను. 1889లో ఆబెల్, డీవార్ అను శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో కార్డైట్ అను పొగలేని తుపాకిమందును రూపొందించిరి. ఇందు తుపాకిప్రత్తిని నైట్రోగ్లిజరిన్‌తో కలిపి ముద్ద చేయుటకు వాడిన ద్రావణి ఎసిటోను. నేడు గోళ్ళరంగును తుడుచుటకు వాడు ప్రసిద్ధ ద్రావణియు అదియే. భారతదేశములో నీలగిరులలోని అరువన్‌కాడు వద్ద కార్డైట్ కర్మాగారము 1903లో ఏర్పడినది.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత నైట్రోసెల్యులోజ్‌కు శాంతికాలపు ఉపయోగములను వెదకిరి. 1923లో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ డ్యూకో అను లక్కరును మోటారుకార్లకై ప్రవేశపెట్టెను. అంతకుముందు కారు రంగు ఆరుటకు రోజులు, వారములు పట్టుచుండగా ఇది గంటలలో ఆరెను. ఇట్టి లక్కరే గోళ్ళకును వచ్చినది. 1932లో న్యూయార్కులో ఛార్లెస్ రెవ్సన్, ఆయన సోదరుడు జోసెఫ్, రసాయనశాస్త్రజ్ఞుడు ఛార్లెస్ లాక్‌మన్ కలిసి స్థాపించిన రెవ్లాన్ సంస్థ, పారదర్శకమైన అద్దకములకు బదులు వర్ణకములను కలిపి గోటిని పూర్తిగా కప్పు రంగును విక్రయించెను. భారతదేశములో టాటా ఆయిల్ మిల్స్ 1952లో లాక్మే సంస్థను స్థాపించెను.

ప్రత్తి సీమలోని నూగు

గుంటూరు జిల్లాలోని ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉన్నది. పూర్వము ఈ మైదానములలో దేశవాళీ ప్రత్తి పండెడిది. కాకినాడ రేవు పేరుమీద కోకనాడాస్ అని పిలువబడిన రకపు దూదికి సహజముగనే లేత గోధుమవన్నె ఉండెడిది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలయిన పిమ్మట పొడవుపింజ రకములు విస్తరించినవి. 1970 దశకములో వరలక్ష్మి అను సంకర ప్రత్తి రైతులలో ప్రసిద్ధమైనది.

జిన్నింగు మిల్లులో దూదిని వేరుచేసిన పిమ్మట గింజను పరీక్షించి చూడుడు. దానిపై పొట్టి నూగు అంటుకొనియే ఉండును. వస్త్రమునకు అది పనికిరాదు. నూనెమిల్లులలో ప్రత్యేక యంత్రములతో దానిని గీకి తీయుదురు. వ్యాపారములో దీనిని లింటరు అందురు. దీనిని క్షారముతో ఉడికించి, తెల్లబరచినచో ఇంచుమించు శుద్ధమైన సెల్యులోజ్ లభించును. నైట్రోసెల్యులోజ్ పరిశ్రమకు కొయ్యగుజ్జుతో పాటు ఇట్టి నూగు ముఖ్యమైన ముడిసరుకు. ఈ విధముగా, నూలు కాజాలని నూగు కూడ గోటిమీది నిగనిగగా మారగలదు.

తళుకు ఎక్కడిది?

పూర్వము గోళ్ళరంగులలో ముత్యపు మెరుపునకై చేపపొలుసుల నుండి తీసిన గ్వానిన్ స్ఫటికములను వాడిరి. 1960 దశకములో అభ్రకమునకు ఆ స్థానము లభించెను. అభ్రకము పొరలుపొరలుగా విడివడును. మెత్తని అభ్రకపు రేకులపై టైటానియం డయాక్సైడును పలుచగా పూసినచో, పొర పైతలము నుండియు అడుగుతలము నుండియు పరావర్తనమైన కాంతి కిరణములు వ్యతికరించి వన్నెలు పుట్టును. పొర మందము సుమారు 50 నానోమీటర్లున్నచో వెండివన్నె కనబడును. మందము పెరిగినకొలది బంగారు, ఎఱుపు, నీలి వన్నెలు వరుసగా కనబడును. సబ్బునీటి బుడగపై వన్నెలు పుట్టుటకు కారణమిదియే.

పెద్ద రేకులు గల మిలమిలలాడు తళుకు వేరొక జాతి. అది సాధారణముగా అల్యూమినియం పూసిన పాలియెస్టరు పొరను సన్నని షట్కోణములుగా కత్తిరించినది. పాలియెస్టరును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను వారు కనుగొనిరి. కావున సీసామీద తళుకు అని వ్రాసినంతనే రెండును ఒకటి కావు. మొదటిది రాతిపొడి, రెండవది ప్లాస్టిక్. ఈ తేడా ముందు ముందు అవసరమగును.

వేయు విధము, బాగుచేయు విధము

సీసాలో నైట్రోసెల్యులోజ్, దానిని కరగించు ఇథైల్ ఎసిటేటు, బ్యూటైల్ ఎసిటేటు, పొర విరుగకుండ మెత్తదనమిచ్చు ద్రవ్యము, అంటుకొనుటకు రెసిన్, రేకులు అడుగునకు దిగకుండ నిలుపు శుద్ధిచేసిన బంకమన్ను ఉండును. ద్రావణి ఇగిరిపోగా మిగిలినది గట్టి పొర. ఇందు కొత్త రసాయనబంధములేవియు ఏర్పడవు. అందువలన ద్రావణి తగిలినపుడు పొర మరల కరగును. బాగుచేయుటకు వీలు కలుగుట ఈ ఒక్క గుణము వలననే. అతినీలలోహిత కాంతితో గట్టిపడు జెల్ రంగులలో అణువులు వలవలె అల్లుకొనును గనుక వానికి ఈ సూత్రము వర్తించదు.

గోరు నీటిని పీల్చి ఉబ్బును, పైపొర ఉబ్బదు. అందువలన తడిగోటిపై వేసిన రంగు గోరు ఆరగానే పట్టు విడుచును. చేతులు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, జిడ్డు తుడిచి, పలుచని పూతలు ఒకదానిపై ఒకటి వేయవలెను. ఒక పూత ఆరిన పిదప రెండవది వేయవలెను. మందముగా వేసినచో పైన ఆరి లోపల మెత్తగా నుండును. తళుకు రంగును చిన్న స్పాంజి ముక్కపై పోసి గోటికి అద్దినచో స్పాంజి ద్రవమును పీల్చుకొని రేకులను దట్టముగా వదలును. చివర పారదర్శకమైన పూతతో గోటికొన అంచును కూడ కప్పవలెను.

మిరపకాయల తొడిమలు తీయు చేతులలో రంగు ముందుగా పెచ్చులేచునది ఆ అంచుననే. అప్పుడు రంగంతయు తీయనక్కరలేదు. పెచ్చు అంచును తుడుపుద్రవములో ముంచిన కుంచెతో తాకినచో అది కరగి నున్నబడును. ఆ గుంటలో అదే రంగును పలుచగా నింపినచో కొత్త రంగులోని ద్రావణి పాత అంచును కొంత కరగించును, రెండును కలిసి ఒకే పొర యగును. పైన తళుకు అద్ది, పారదర్శకమైన పూత వేసిన సరిపోవును. గోరే చీలినచో పలుచని టీసంచి కాగితపు ముక్కను చీలికపై పరచి పారదర్శకమైన పూతతో అతికించి, ఆరిన తరువాత నునుపు చేసి రంగు వేయవచ్చును. పీచు బలమిచ్చును, రెసిన్ పట్టి యుంచును. ఫైబరుగ్లాసు పడవలలోని సూత్రమిదియే.

పళ్ళెములోనికి, కాలువలోనికి

తెలుగువారు అన్నమును చేతివ్రేళ్ళతో కలిపి తిందురు. గోరింటాకు గోటిలో భాగమై పోవును గనుక రాలదు. పెచ్చులేచిన తళుకు రంగు రాలును. అది మొదట చేరునది పప్పన్నములోనికే. కావున పెచ్చును వెంటనే బాగుచేయుట, లేదా పూర్తిగా తీయుట అందమునకే గాక ఆరోగ్యమునకును అవసరము.

రెండవ జాగ్రత్త నిప్పు. ఎసిటోను సున్న డిగ్రీలకంటె తక్కువ ఉష్ణోగ్రతలో కూడ అంటుకొనగల ఆవిరి నిచ్చును. ఆ ఆవిరి గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. పొయ్యి, పూజాదీపము, అగరువత్తి ఉన్న గదిలో గోళ్ళరంగు పని చేయరాదు. పండుగరోజున తొందరలో జరుగు పొరపాటిదియే.

మూడవది ప్లాస్టిక్. ఎసిటోను పొరను కరగించును గాని పాలియెస్టరు రేకులను కరగించదు. అందువలననే తళుకు రంగు తీయుట కష్టము. తడిపిన దూదిని గోటిపై కొన్ని నిమిషములు అదిమియుంచి ఒక్కసారి లాగినచో రేకులు దూదికి అంటి వచ్చును. ఆ దూదిని ద్రావణి ఇగిరిన పిమ్మట చెత్తలో వేయవలెను. రేకులను కుళాయి క్రింద కడిగినచో అవి మురుగుకాలువల ద్వారా వాగులకు, సముద్రమునకు చేరి నశింపక నిలిచియుండును. ఐరోపా సమాఖ్య 2023లో సూక్ష్మప్లాస్టిక్ నియంత్రణ తెచ్చి విడి ప్లాస్టిక్ తళుకును నిషేధించెను. గోళ్ళరంగులకు 2035 వరకు గడువిచ్చెను. అభ్రకపు మెరుపునకు ఈ దోషము లేదు. కొనునపుడు సీసాపై పదార్థముల పట్టికను చదివినచో మైకా అను పేరు అభ్రకమును, పాలిఇథిలీన్ టెరిఫ్తలేట్ అను పేరు ప్లాస్టిక్‌ను తెలుపును.

ఆషాఢములో విత్తిన ప్రత్తి సంక్రాంతి నాటికి ఇండ్లకు చేరును. ఆ దూదితో నేసిన చీర, ఆ గింజ నూగువంటి దానితో చేసిన గోళ్ళరంగు, ఆ రంగును తుడుచు దూది: మూడును సెల్యులోజ్ రూపములే. ఆ రంగుసీసా దుకాణము నుండి వచ్చినను, అందలి రసాయనశాస్త్రము పాఠ్యపుస్తకములోనిదే, పొలములోనిదే. ఈ సంగతి తరగతిలో చెప్పిన ఉపాధ్యాయునికి సెల్యులోజ్ పాఠము వేరుగా బోధింప నక్కరలేదు. పిల్లల వ్రేళ్ళ కొనలయందే అది కనబడుచుండును.