బావిలో మనిషి పడిపోతే వెంటనే దిగరాదు

కేరళలోని కోజికోడ్‌లో 2015 నవంబరులో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు ఊపిరాడక పడిపోయారు. వారిని కాపాడాలని స్థానిక ఆటోడ్రైవరు ఒకరు లోనికి దిగారు. ముగ్గురూ మరణించారు. పూడిక తీసే బావుల వద్ద, సెప్టిక్ ట్యాంకుల వద్ద జరిగే ప్రమాదాలు తరచుగా ఇదే తీరున సాగుతాయి. ముందు ఒకరు పడిపోతారు, వెనుక తమ్ముడు దిగుతాడు, ఆ వెనుక పొరుగువాడు.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. అది 19.5 శాతం కంటే తగ్గిన చోటికి దిగరాదు. వాడకం లేని బావి అడుగున గాలి కంటే బరువైన బొగ్గుపులుసు వాయువు చేరుతుంది. మురుగు నిల్వ ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. పది లక్షల పాళ్లలో అది నూరు పాళ్లకు చేరితే ముక్కు ఆ వాసనను పట్టలేదు. వాసన పోయిందంటే వాయువు పోయిందని అర్థం కాదు. గాఢత వేయి పాళ్ల వరకు పెరిగితే ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పుతుంది. కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

బావిలోకి దీపం దించి చూడటం పెద్దల నాటి అలవాటు. దీపం ఆరితే దిగరాదన్నది నిజమే. ఆరకపోతే దిగవచ్చన్నది మాత్రం నిజం కాదు. ప్రాణం తీసే మోతాదులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు వద్ద ఈ పరీక్ష మరీ ప్రమాదకరం. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే బీడీ నిప్పు చాలు, పేలిపోతుంది. బావి లోపల ఆయిలింజను నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసనే లేదు.

వాయువును పరికరంతో పరీక్షించాలనీ, లేదా శ్వాస పరికరం, నడుముకు బెల్టు, తాడు ఉండాలనీ, తాడు రెండో కొస బయట ఉన్నవారు పట్టుకోవాలనీ ఫ్యాక్టరీల చట్టం 1948లోనే నిర్దేశించింది. పల్లెలో ఈ జాగ్రత్తలలో కనీసం తాడు కూడా కనిపించదు. ముక్కుకు కట్టే తువ్వాలు ఏ వాయువునూ ఆపదు. బ్లోయరుతో లోనికి గాలి కొట్టాలి, పని ముగిసేవరకు ఆపరాదు. బురద కదిపినకొద్దీ వాయువు మళ్లీ వెలువడుతుంది.

సెప్టిక్ ట్యాంకుకైతే మనిషి అవసరమే లేదు, పీల్చే యంత్రపు లారీలున్నాయి. రక్షణ సామగ్రి లేకుండా ట్యాంకులోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మురుగు పనిలో మరణించిన వారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది.

ఎవరైనా లోపల పడిపోతే తాడు ఉన్నట్లయితే పైనుంచే లాగాలి. లేకుంటే 101కు గానీ 112కు గానీ ఫోను చేసి, బ్లోయరుతో గాలి పంపుతూ, అగ్నిమాపక సిబ్బంది వచ్చేవరకు మరెవరూ దిగకుండా చూడాలి. అన్నదమ్ములు ఉంటే వారిని పట్టుకుని ఆపవలసి వస్తుంది.