కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు

పాత బుల్లెట్టు ఎక్కిన కొత్తవాడు నాలుగు గజాలు వెళ్ళి కుదుపుతో ఆగిపోతే, చుట్టూ నిలబడినవారు రెండు మాటలలో ఏదో ఒకటి అంటారు. "వీడికి బండి నడపడం రాదు" అన్నది మొదటిది. "అది మొండి బండి, అందరికీ లొంగదు" అన్నది రెండవది. ఈ రెండూ నాకు సరైన మాటలుగా తోచవు. ఆ కొత్తవాడు పదేళ్ళుగా వేరే బండి చక్కగా నడుపుతున్నవాడే కావచ్చు. బండి కూడా తనను తయారుచేసిన కాలపు పద్ధతి ప్రకారం బుద్ధిగానే పనిచేస్తోంది. ఇద్దరిలో ఎవరికీ లోపం లేకుండానే పొరపాటు జరుగుతోంది. అది ఎక్కడినుండి వచ్చిందో తెలియాలంటే కొంత చరిత్రలోకి వెళ్ళక తప్పదు.

బుల్లెట్టు అనే పేరు 1932 నాటిది. ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఆ పేరుతో బండ్లు తయారుచేసింది. మనం ఎరిగిన బుల్లెట్టు రూపం మాత్రం రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, 1940ల చివర వచ్చింది. 1950ల తొలినాళ్ళలో సరిహద్దుల్లో గస్తీకి గట్టి బండి కావలసి వచ్చి మన సైన్యం దీన్ని ఎంచుకొంది. 1955లో మద్రాసు మోటార్స్ వారితో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. మొదట ఇంగ్లండునుండి వచ్చిన భాగాలను ఇక్కడ బిగించేవారు. కొన్నేళ్ళలోనే భాగాలు కూడా ఇక్కడే తయారయ్యాయి.

ఆ రోజుల్లో ఇంగ్లండు బండ్లలో అధికభాగానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్, ఎన్‌ఫీల్డ్ అన్నీ అంతే. జపాను బండ్లు గేరును ఎడమకాలికి, బ్రేకును కుడికాలికి అప్పగించాయి. రెండూ పనిచేసే పద్ధతులే. ఏ పద్ధతిలో నేర్చుకొన్నవారికి ఆ పద్ధతే సహజంగా అనిపిస్తుంది. చిక్కల్లా ఒకదాన్ని నేర్చినవారు రెండవదాన్ని ఎక్కినప్పుడే.

ఆ చిక్కు ఎటువంటిదో చూడండి. పాత బుల్లెట్టుకు నాలుగు గేర్లు. మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ కిందికి. ఈ కాలపు బండ్లు అనేకం ఒకటి కిందికి, మిగిలినవి పైకి. అంటే పక్క ఒక్కటే కాదు, దిక్కు కూడా తారుమారు. ఇప్పుడు ఒక కుర్రవాడు బుల్లెట్టును రెండవ గేరులో నడుపుతున్నాడనుకొందాం. ఎదురుగా ఒక పశువు అడ్డం వచ్చింది. ఆలోచించడానికి సమయం లేదు కాబట్టి పని అంతా కాలే చేస్తుంది. బ్రేకు అనుకొని కుడికాలితో బలంగా తొక్కుతాడు. అక్కడున్నది గేరు. కిందికి తొక్కితే మూడవ గేరు పడుతుంది. బండి ఆగకపోగా ఇంకా వేగానికి పనికొచ్చే గేరులోకి వెళుతుంది. అదే కుర్రవాడు ఇంకోచోట, మలుపు దగ్గర గేరు తగ్గిద్దామని ఎడమకాలితో కిందికి నొక్కుతాడు. అక్కడున్నది బ్రేకు. వెనుక చక్రం బిగుసుకొని బండి జారుతుంది. రెండుచోట్లా అతను తనకు తెలిసిన సరైన పనే చేశాడు. అతని కాలికి తెలిసిన పాఠం వేరే బండిది.

ఈ సంగతిని చట్టం గుర్తించడం నాకు చరిత్రలో అన్నిటికన్న ఆసక్తికరంగా కనిపించే ఘట్టం. 1974 సెప్టెంబరు 1 నుండి తయారయ్యే మోటారు సైకిళ్ళన్నిటికీ గేరు ఎడమవైపు, కాలిబ్రేకు కుడివైపు ఉండాలని అమెరికా ప్రభుత్వం నియమం పెట్టింది. పొరపాట్లు చేయవద్దని నడిపేవారికి నీతిబోధ చేయలేదు. బండ్లన్నిటినీ ఒకే తీరుకు తెస్తే పొరపాట్లు తగ్గుతాయని భావించింది. అమెరికాలో అమ్ముకోవలసిన ఇంగ్లండు కంపెనీలు తమ పాత ఇంజన్లకే తంటాలుపడి గేరును ఇవతలికి తెచ్చుకొన్నాయి. 1975 నాటి నార్టన్ కమాండో ఇందుకు ఉదాహరణ.

తిరువొత్తియూరుకు ఆ అవసరం రాలేదు. రెడ్డిచ్ కర్మాగారం 1967లోనే మూతపడింది. ఇక్కడి కర్మాగారానికి మన దేశమే సంత. విదేశీ బండ్లు రాకుండా తలుపులు మూసి ఉన్న రోజులవి. అడిగేవారు లేరు, పోటీకి వచ్చేవారు తక్కువ. కొనేవారిలో సైనికులు, పోలీసులు, మోతుబరి రైతులు. వారందరికీ కుడికాలి గేరే అలవాటు. అందువలన 1940ల చివరి ఇంగ్లండు అలవాటు ఒకటి, తన పుట్టినచోట చచ్చిపోయాక కూడా, మన రోడ్ల మీద దశాబ్దాలపాటు బతికింది.

ఇంతలో 1984లో హీరో, హోండా సంస్థలు చేతులు కలిపాయి. 1985లో సీడీ 100, అదే సంవత్సరం యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. 1994లో స్ప్లెండరు వచ్చింది. ఒక తరం మొత్తం ఎడమకాలి గేరుతో పెరిగింది. అందులోనూ తేడాలున్నాయి: స్ప్లెండరుకు నాలుగు గేర్లూ ముందుకు తొక్కడమే. చేతక్ స్కూటరు నడిపినవారికైతే గేరు ఎడమచేతిలోనే ఉండేది. ఒకే ఇంట్లో తాతగారి బుల్లెట్టు, తండ్రి చేతక్, కొడుకు స్ప్లెండరు ఉంటే, ముగ్గురి శరీరాలకూ మూడు వేర్వేరు వ్యాకరణాలు. బుల్లెట్టు 2000ల తొలి సంవత్సరాలలో ఎడమకాలి వైపు మారడం మొదలుపెట్టి, పాత ఇనుప ఇంజను ఆగిపోయేనాటికి ఆ మార్పు పూర్తిచేసుకొంది. ఇప్పుడు మనం ముచ్చటపడి కొని బాగుచేయించుకొనే పాత బండ్లు ఆ మార్పుకు ముందువి.

కొత్తవారిని ఇబ్బంది పెట్టే రెండవ విషయం కిక్కు. మీట నొక్కితే బయలుదేరే బండికి అలవాటుపడినవారు కిక్కు రాడ్డు మీద ఉన్న బలమంతా వేసి పదిసార్లు తంతారు. పక్కనున్నవారు "రేజ్ ఇవ్వు, రేజ్ ఇవ్వు" అంటారు. రెండూ పనికిరావు. పాత 350 బుల్లెట్టుకు ఉన్నది ఒకే పెద్ద సిలిండరు. 70 మిల్లీమీటర్ల వ్యాసం, 90 మిల్లీమీటర్ల నిడివి. అందులో గాలిని నొక్కిపట్టిన పిస్టన్‌ను కాలిబలంతో దాటించడం కష్టం. దానికోసమే హ్యాండిలు ఎడమపక్క డీకంప్రెషన్ లివరు పెట్టారు. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. అప్పుడు లివరు పట్టి పిస్టన్‌ను ఆ గట్టిస్థానం కొద్దిగా దాటించాలి. లివరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, చివరిదాకా ఒక్క నిండుతోపు. బలం కన్న వరుస ముఖ్యం. వరుస తప్పి సగంలో ఆపితే కిక్కు ఎదురుతన్నుతుంది. మడమ, మోకాలు దెబ్బతిన్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

మూడవది మన కళ్ళకు కనబడనిది. జావా, రాజ్‌దూత్ వంటి టూ స్ట్రోక్ బండ్లలో ఇంజనుకు కావలసిన ఆయిలు పెట్రోలులోనే కలిసి వెళుతుంది. ఆయిలు పోయడం మరిచిపోకూడదని అందరూ చెబుతారు. చెప్పకుండా వదిలేసేది ఘాటు రోడ్డు సంగతి. కొండ దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని యాక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులోనే బండిని వదులుతారు. ఇప్పటి బండికి అది మంచి అలవాటు. ఇంజనే బ్రేకుగా పనిచేస్తుంది. పాత టూ స్ట్రోక్‌లో మాత్రం పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది. చక్రాలు ఇంజనును వేగంగా తిప్పుతుంటాయి, లోపల తడి ఉండదు. ఇంజను పట్టేస్తుంది, వెనుక చక్రం ఆగిపోతుంది. శ్రీశైలం ఘాటులోనో, అరకు దారిలోనో దిగేటప్పుడు మధ్యమధ్య క్లచ్చు పట్టి కాస్త యాక్సిలరేటరు ఇవ్వడం పాతవారి అలవాటు. అది వారి చాదస్తమని నవ్వేవారిని నేను చూశాను. నిజానికి అది ఇంజనుకు ఆయిలు పోయడమే.

జావాకు ఇంకొక వింత ఉంది. కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. వెనక్కి తిప్పితే కిక్కు, ఇంజను మొదలయ్యాక ముందుకు తెచ్చి దించితే గేరు. గేరు మార్చేటప్పుడు ఆ రాడ్డే క్లచ్చును కూడా విడిపిస్తుంది. తయారుచేసినవారి తెలివికి ఇది నిదర్శనం. చెప్పేవారు లేకపోతే మాత్రం కొత్తవాడు కిక్కు ఎక్కడుందా అని బండి చుట్టూ తిరుగుతాడు.

ఇక బ్రేకులు. మన దేశంలో 2019 ఏప్రిల్ నాటికి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. దానితో నేర్చుకొన్న చెయ్యి ముందు బ్రేకును నిర్భయంగా పట్టుకొంటుంది. ఎదుటి బండికి దగ్గరగా వెళుతుంది. పాత డ్రమ్ము బ్రేకుకు ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. దిగుడులో ఎక్కువసేపు పట్టి ఉంచితే వేడెక్కి పట్టు సడలుతుంది. వాననీటిలో దిగివస్తే కాసేపు అసలు పట్టదు. మెల్లగా నడుపుతూ తేలికగా నొక్కి ఆరబెట్టుకోవాలి. సైడు స్టాండు వేసి ఉంటే ఆగిపోయే ఇంజను కూడా కాదిది. స్టాండు తీయకుండా ఎడమకు మలుపు తిరిగితే స్టాండు నేలకు తగిలి బండిని ఎత్తేస్తుంది. పెట్రోలు రిజర్వుకు తిప్పి, మళ్ళీ నింపించాక వెనక్కి తిప్పడం మరిచేవారు తరువాతిసారి ఏ ఊరూ లేనిచోట నిలబడిపోతారు.

వీటికి తోడు మన కాలం చేర్చినది ఒకటి. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. ఆ పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికోసం చేసినవి కావు. ఇథనాల్ నీటిని పీల్చుకొంటుంది. ట్యాంకు నింపి నెలల తరబడి నిలిపి ఉంచితే లోపల తుప్పు, కార్బురేటరులో జిగట మిగులుతాయి. పాతవారికి కూడా ఇది కొత్త పాఠమే. ఈ విషయంలో అందరమూ కొత్తవాళ్ళమే.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచేది ఇది. కొత్తవారి పొరపాట్లని మనం పేరుపెట్టినవాటిలో తెలివితక్కువ పని చాలా కొద్ది. అధికభాగం ఒక కాలంలో సరైన అలవాట్లే. వేరే కాలపు యంత్రం మీద తప్పులయ్యాయి. గుడ్డిగా వదిలేయవలసినవి కూడా కావు. 1950లలో బుల్లెట్టు ఎక్కినవాడి ముందు ఎడ్లబండ్లు, ఒకటో అరో లారీ ఉండేవి. పొరపాటు జరిగితే చొక్కా చిరిగేది, మోచెయ్యి చీరుకొనేది. ఈనాటి విజయవాడ హైవే మీద అదే పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం వేరు. బండి పాతదే గాని రోడ్డు పాతది కాదు.

అందుచేత పాత బండి చేతికిచ్చేవారి మీద ఒక బాధ్యత ఉందని నా అభిప్రాయం. తాళం ఇచ్చేముందు ఒక గంట ఇవ్వాలి. బండిని స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి, కూర్చోబెట్టి, "బ్రేకు" అనగానే ఎడమకాలు కదిలేదాకా అభ్యాసం చేయించాలి. ఆ తరువాత ఖాళీ మైదానం. ఆ తరువాత తెల్లవారుజామున ఊరి రోడ్డు. కొంతకాలంపాటు పాత బండి, కొత్త బండి ఒకే రోజు మార్చి మార్చి నడపవద్దని కూడా చెప్పాలి. ఇదంతా ఒకప్పుడు మెకానిక్కుల నోటి విద్య. మా ఊరి షెడ్డులో ఒక పెద్దాయన బండి అప్పగించేముందు ఎవరినైనా సరే, "ఆగాలంటే ఏ కాలు నాయనా?" అని అడిగేవాడు. జవాబు నోటితో చెబితే ఒప్పుకొనేవాడు కాదు. కాలు కదలాలి.

ఆయన అడిగింది చిన్న ప్రశ్న. పాత బండి మీద ముచ్చటపడే మన పిల్లలను పడకముందే ఆ ప్రశ్న అడగడం మన వంతు. పడ్డాక నవ్వడానికి మనుషులు ఎప్పుడూ దొరుకుతారు.