మూడో విక్రయదారు

నేనుండే జవహర్‌నగర్‌లో ఇల్లు అమ్మడమంటే చాలాచోట్ల నోటరీ కాగితం చేతులు మారడమే. ప్రభుత్వ భూమి కదా. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో, పేదలు వేసుకున్న ఇళ్లకి 125 గజాల దాకా ఉచితంగా పట్టా ఇస్తామంది, అదీ ఇంటి ఆడమనిషి పేరున. దరఖాస్తు నింపిపెట్టమని పక్కిళ్ల ఆడవాళ్లు మా ఇంటికి వచ్చేవాళ్లు. అమ్మ పక్కనే కూర్చుని చూసేది. సరిగ్గా ఆ రోజుల్లోనే భీమునిపట్నంలో ఆమె పుట్టిల్లు అమ్మకానికొచ్చింది.

సముద్రానికి ఎదురుగా పెద్ద ఇల్లు. తాతయ్య 1951లో సొంత సంపాదనతో కొన్నారు. సున్నపు గోడలు, టేకు దూలాలు, పెంకుల కప్పు, చుట్టూ వరండా. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో వర్తకానికి దిగి, 1825లో ఇంగ్లీషువాళ్లకి అప్పగించిన ఊరది. ఉప్పుగాలి ముందు మేకుల్ని తింటుంది, తర్వాత కిటికీ ఊచల్ని. మధ్యలో ఎవరి సలహానో విని సున్నపు గోడకి సిమెంటు పూశారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడే పెచ్చులుగా రాలింది.

తాతయ్య 1978లో వీలునామా రాయకుండా పోయారు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మమ్మకీ, ఇద్దరు మామయ్యలకీ, అమ్మకీ సమాన వాటా. కాని అదే చట్టంలో 23వ సెక్షనుంది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. కుటుంబం నివసించే ఇల్లయితే, మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగకూడదు. కూతురికి అందులో ఉండే హక్కు మాత్రం ఉంది, పెళ్లి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, విడిపోతేనో, వితంతువైతేనో. కాపురం సవ్యంగా ఉన్న కూతురు చుట్టపుచూపుకి రావాల్సిందే. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణని గర్వంగా చెప్పుకుంటాం, తప్పులేదు. అయితే అది ఉమ్మడి కుటుంబ ఆస్తికి సంబంధించింది, 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయిన కూతుళ్లని వదిలేసింది. 1974లో పెళ్లయిన అమ్మకి అది ఏ విధంగానూ అక్కరకు రాలేదు. 23వ సెక్షను 2005 సెప్టెంబరు 9న పోయింది. ఆ 27 ఏళ్లూ ఆమె అడిగే వీలులేని వాటాదారు.

ఇల్లు బాగుచేయించరేమంటే మామయ్యలు తీరప్రాంత నిబంధనలని చూపించేవాళ్లు. నిజానికి 1991 నోటిఫికేషను అనుమతి ఉన్న పాత ఇంటిని, విస్తీర్ణం పెంచకుండా, మరమ్మతు చేసుకోనిచ్చింది. ఖర్చెవరిదని లెక్క మొదలైతే వాటాలెవరివన్న లెక్కా వస్తుంది. అదీ భయం అని నా అనుమానం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కప్పు లేపేసింది. ఇక అమ్మక తప్పలేదు. కొనే ఆయన పడగొట్టే ఖర్చు కూడా ధరలోంచి తగ్గించమన్నాడు. ఆయన లాయరు మాత్రం వారసులందరి సంతకాలూ ఉండాలన్నాడు. ఆ ఇంటి విషయంలో అమ్మ ఇష్టం అవసరమని మొదట అన్నవాడు ఈ పరాయి మనిషే.

మామయ్య హక్కు విడుదల పత్రం పంపారు. ప్రేమాభిమానాలతో వదులుకుంటున్నట్టు. పసుపు కుంకుమల కింద చీర పెడతారట. అమ్మ రెండు రోజులు దాన్ని దిండు కింద పెట్టుకుని, ఫోను చేసింది.

"అన్నయ్యా, సంతకం పెడతాను. అమ్మేవాళ్లలో నా పేరూ రాయించు. వదులుకున్నానని మాత్రం రాయొద్దు."

నెలన్నర మాటల్లేవు. చివరికి 2015లో, మూడో విక్రయదారుగా, తన వాటా డబ్బు చెక్కు తీసుకుని సంతకం చేసింది. రిజిస్ట్రారు ఆఫీసు బెంచీ మీద దస్తావేజంతా చదివింది. షెడ్యూలు దగ్గర ఆగి నన్ను పిలిచింది. తూర్పు హద్దు: రోడ్డు, ఆపైన సముద్రం. 1951 కాగితంలోనూ అదే మాట, తాతయ్య చెప్పి రాయించిందట.