ఊరిచెట్టు పోషణము

చెట్టు నాటుట పుణ్యమని మనవారు చిరకాలమునుండి చెప్పుచున్నారు. సప్తసంతానములను లెక్కించునపుడు పుత్రునితోను, చెఱువుతోను, కావ్యముతోను పాటు వనమును గూడ జేర్చిరి. అయితే కన్నబిడ్డను పెంచువా రెవ్వరని యడుగవలసిన పని లేదు గాని, వీధిలో నాటిన చెట్టును పెంచువా రెవ్వరని యడిగినచో జవాబు తోచదు. ఆదోని, యెమ్మిగనూరు వంటి పట్టణములలో వేసవియెండ 40 డిగ్రీలు దాటును. అట్టిచోట ఈ ప్రశ్న అలంకారప్రాయము కాదు.

ఈ విచారము మనకు క్రొత్తదియు గాదు. పత్తికొండకును గుత్తికిని నడుమనున్న ఎఱ్ఱగుడి బండలపై క్రీ. పూ. 3వ శతాబ్దమున అశోకుడు చెక్కించిన శాసనములు గలవు. అందు రెండవ శిలాశాసనము మనుష్యులకును పశువులకును వైద్యము, మూలికలను ఫలవృక్షములను తెప్పించి నాటించుట, త్రోవలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెట్టించుట అనువానిని ఒక్కచోటనే చెప్పుచున్నది. నీడను వైద్యముతోను నీటితోను సమానమైన అవసరముగా నెంచిన రాజనీతి యది. క్రీ. శ. 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక యధ్యాయమే కేటాయించెను. చెట్టునకు చెట్టునకు 20 మూరల యెడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 కనీసమనియు ఆయన నిర్ణయము. రోగము తగిలిన చెట్టునకు మొదట చెడినభాగమును శస్త్రముతో తొలగించి, పిదప లేపము పూయవలెనని విధించెను. కాబట్టి నాటుటతో పని తీరదని పూర్వు లెఱుగుదురు.

ఆంగ్లేయులకు 1800లో దత్తమైన ఈ మండలములను 1807వఱకు పాలించిన థామస్ మన్రో, పిదప మద్రాసు గవర్నరై 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వము అచ్చట ఒక తోపు వేయించి, బావి త్రవ్వించెను. తోపును బావియు జంటగా నుండుట అర్థవంతము. 1876-78 నాటి ధాతకరువును చూచిన సీమ యిది. ఇచ్చటి నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱి లేతవేళ్లను తెంపివేయును. నాటిననాడు పోసిన చెంబెడు నీరు ఫోటోకు చాలును గాని మొక్కకు చాలదు. రెండు మూడు వేసవులైన నీరు పోసి కాపాడినగాని అది చెట్టు కాదు.

ఆదోనికి 1865లో పురపాలకసంఘ మేర్పడినది. అప్పుడు ఆ పట్టణము బళ్లారి జిల్లాలోనిది; 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు జిల్లాలో జేరినది. పురపాలకము రాగానే వీధిచెట్టు ధర్మకర్త చేతినుండి కచ్చేరి చేతికి వచ్చెను. పుణ్యము పోయి పద్దు వచ్చెను. బాటప్రక్క చింతచెట్ల ఫలసాయమును వేలమువేయుట స్థానికసంస్థల వాడుక. కాయకు ధర యున్నది, కలపకు ధర యున్నది. నీడకు మాత్రము పద్దులో గడి లేదు. 1950లో కె. ఎం. మున్షీ ఆరంభించిన వనమహోత్సవము నాటుటను నేర్పెను. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్షముల చట్టము కొట్టుటకు అనుమతి కోరెను. నాటుటకును కొట్టుటకును నడుమ చెట్టు నూఱేండ్లు బ్రదుకవలెను. ఆ నూఱేండ్లకు పెద్దదిక్కెవరు?

నేటి వీధిలో చెట్టునకు మూడు గండములున్నవి. మొదటిది మొదలుదాక పోయు సిమెంటు. నీటిని గ్రహించు సన్నని వేళ్లలో హెచ్చుభాగము నేల పైపొరలోనే యుండును. అచ్చటికి గాలియు నీరును చొరనిచో చెట్టు నిలిచియే యెండును. ఢిల్లీలో చెట్లచుట్టు 1 మీటరు మేర కాంక్రీటును తొలగింపవలెనని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఉత్తరువు చేసినది ఇందులకే. రెండవది తల నఱకుట. విద్యుత్తీగల క్రింది చెట్టును మొండిచేసినచో, మోడునుండి గుబురుగా లేచు కొమ్మలకు పట్టు చాలక గాలివానకు విఱిగిపడును. మూడవది చోటెఱుగని గొడ్డలి. చెట్టు గాయమును మనవలె మాన్పుకొనదు. చెడినభాగము చుట్టును గోడలు కట్టుకొని కుళ్లును బంధించునని అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో 1977లో విశదపఱచెను. కొమ్మ మానును గలియుచోట నుండు ఉబ్బుకు వెలుపల కోసినచో ఆ రక్షణ నిలుచును. మానునంటి కోసినచో చెడును. పెద్దకొమ్మకు మొదట క్రిందినుండి కొంత గాటుపెట్టి, దానికి వెలుపల పైనుండి కోసి బరువు దింపి, కడపట ఉబ్బుయొద్ద కోయవలెను. లేనిచో కొమ్మ పడుచు మాను బెరడును చీల్చుకొనిపోవును. కోతపై తారు పూసినంతమాత్రమున కుళ్లు ఆగదు. వరాహమిహిరుని శస్త్రము నిలిచినది, లేపము నిలువలేదు. పూర్వులను గౌరవించుట యనగా వారి విద్యను పరీక్షించి పెంచుటయే.

ఈ విద్య మనదేశమున సాధ్యమే. కలకత్తా వృక్షశాస్త్రోద్యానములోని మహావటమునకు బూజు సోకగా 1925లో మూలకాండమును తొలగించిరి. ఊడలమీదనే ఆ చెట్టు నేటికిని విస్తరించుచున్నది. మహబూబునగరము చెంతనున్న పిల్లలమఱ్ఱికి చెదపట్టి 2017లో పెద్దకొమ్మ విఱిగెను. 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలనుండి బొట్టుబొట్టుగా మందెక్కించి, వ్రాలిన కొమ్మలకు ఆధారములు నిలిపిరి. ప్రసిద్ధమైన చెట్టునకు జరిగిన ఈ యుపచారము సంతమూలనున్న వేపచెట్టునకు ఏల జరుగరాదు? 2021లో తెలుగునాట వేపకొమ్మలు చివరలనుండి మాడినపుడు, అది ఫోమాప్సిస్ అను బూజుతెగులని శాస్త్రజ్ఞులు తెలిపిరి. తెగులును గుర్తింపగల కన్ను ప్రతిపట్టణమున నుండవలదా?

బీదపట్టణములకు ఇది విలాసమని కొందఱందురు. అయితే మేడలోనివానికి పంకా యున్నది. ప్రత్తిబస్తాలు మోయు హమాలీకిని, వీధిలో పడుగు చాచి గంజిపెట్టు నేతవానికిని, సంతలో కూరలమ్ము ముసలమ్మకును చెట్టే పందిరి. నీడ పోయినచో మొదట నష్టపడువారు వారే. చెట్టెక్కి కొమ్మకొట్టువాడును నడుమునకు త్రాడైనలేని కూలివాడే; వానికి విద్యయు లేదు, రక్షణయు లేదు, గౌరవమును లేదు. చెట్టును వైద్యునికి అప్పగింపవలెనన్నచో మొదట ఆ కూలివానిని వైద్యునిగా తీర్చవలెను.

యెమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారి సహకారసంఘమును స్థాపించి, ఒంటరిమగ్గమునకు దిక్కు జూపిరి. ఒంటరిచెట్టునకును అట్టి కట్టుబాటే కావలెను. వీధివీధికి చెట్లలెక్క వ్రాయుడు. మొదలుచుట్టు మన్ను విడువుడు. తీగల క్రింద పొట్టిజాతులనే నాటుడు. పురపాలకమున శిక్షణపొందిన వృక్షవైద్యుని నియమింపుమని కోరుడు. ఈ యేడు ఎన్ని మొక్కలు నాటితిరని గాక, అయిదేండ్లక్రిందట నాటినవానిలో ఎన్ని బ్రదికినవని మీ కౌన్సిలరును అడుగుడు. లెక్క చెప్పవలసివచ్చిననాడే చెట్టునకు నీరు దొరకును.