ఆంత్రయోజని శోషరస నాళాలు

ఆంత్రయోజని శోషరస నాళాలు అనగా చిన్నపేగు నుండి శోషరసాన్ని సేకరించి తీసుకొనిపోయే సన్నని నాళాలు. చిన్నపేగును ఉదరకుహరపు వెనుక గోడకు కలిపి ఉంచే మడత పొరను ఆంత్రయోజని అంటారు. ఈ నాళాలు ఆ పొర గుండా సాగుతాయి. ఆహారంలోని కొవ్వులో అధికభాగం రక్తాన్ని చేరేది ఈ మార్గంలోనే.

నిర్మాణం

పేగు లోపలి గోడపై ఉండే ప్రతి చూషకం మధ్యలో లాక్టియల్ అనే సూక్ష్మనాళం ఉంటుంది. దీని కొన మూసుకొని ఉంటుంది. లాక్టియల్స్ పేగు గోడలో వలవలె అల్లుకొని, కండరపు పొరను దాటి ఆంత్రయోజనిలో ప్రవేశించి, రక్తనాళాల వెంబడి సాగుతాయి. ఆంత్రయోజని విసనకర్రను పోలి ఉంటుంది. పేగు వైపు అంచు కొన్ని మీటర్ల పొడవుండగా, వెనుక గోడకు అతికిన మొదలు సుమారు 15 సెంటీమీటర్లు మాత్రమే. అంచున అసంఖ్యాకంగా ఉన్న నాళాలు మొదలును చేరేసరికి కలిసిపోయి కొద్దిపాటివి అవుతాయి.

ఈ నాళాలలో కవాటాలు ఉంటాయి. రెండు కవాటాల నడిమి భాగం లింఫాంజియాన్. దాని గోడలోని నునుపు కండరం లయబద్ధంగా సంకోచించి ద్రవాన్ని ముందుకు నెడుతుంది. కవాటాలు వెనుకకు పోనీయవు. దారిలో 100 నుండి 150 వరకు శోషరస కణుపులు ఉంటాయి. వీటిని గ్రంథులని వ్రాయడం పరిపాటి అయినా, ఇవి ఏ స్రావాన్నీ తయారుచేయవు కనుక కణుపులు అనడమే యుక్తం. చివరకు ఈ ద్రవం ఉరోనాళం ద్వారా పైకి పోయి మెడ మొదట ఎడమవైపు సిరలలో కలుస్తుంది.

కొవ్వు ప్రయాణం

చక్కెరలు, అమైనో ఆమ్లాలు నిర్వాహక సిర ద్వారా నేరుగా కాలేయానికి పోతాయి. దీర్ఘశృంఖల కొవ్వు ఆమ్లాలు మాత్రం పేగు కణాలలో తిరిగి కొవ్వుగా కూడి, కైలోమైక్రాన్లు అనే రేణువులవుతాయి. రక్తకేశనాళికలలో దూరలేనంత పెద్దవైనందున ఇవి లాక్టియల్స్‌లో ప్రవేశిస్తాయి. పాలవలె తెల్లనైన ఈ ద్రవమే కైల్.

చరిత్ర

1622 జూలై 23న ఇటలీకి చెందిన గాస్పరె అసెల్లి ఒక కుక్క ఉదరాన్ని కోసినప్పుడు ఆంత్రయోజనిపై తెల్లని దారాల వంటివి కనిపించాయి. మొదట నాడులనుకొన్నాడు. ఒకదానిని కోయగా పాలవంటి ద్రవం వెలువడింది. మరునాడు వేరొక కుక్కలో వెదకితే ఏమీ కనిపించలేదు! మొదటి కుక్క కడుపునిండా తిని ఉన్నదని, రెండవది తినలేదని ఆయన గ్రహించాడు. నాళాలు రెండింటిలోనూ ఉన్నవే. ఖాళీ కడుపున వాటిలోని ద్రవం రంగులేనిది కాబట్టి కంటికి ఆనలేదు. ఆయన గ్రంథం మరణానంతరం 1627లో రంగుల చిత్రాలతో వెలువడింది. అయితే ఈ నాళాలు కాలేయానికి పోతాయని ఆయన భావించాడు. అవి ఉరోనాళంలో కలుస్తాయని 1651లో ఫ్రాన్సుకు చెందిన జాన్ పెకె చూపాడు.

వ్యాధులు

క్షయవ్యాధిలో ఆంత్రయోజని కణుపులు వాయవచ్చును. కోస్తా ఆంధ్రలో చిరకాలంగా ఎరిగిన బోదకాలు వ్యాధికి కారణమైన ఫైలేరియా పురుగులు శోషరస మార్గాన్ని పాడుచేసినప్పుడు, కొందరిలో కైల్ వెనుకకు మళ్ళి మూత్రపిండాల శోషరస నాళాలలోకి పోయి, మూత్రంలో కారుతుంది. మూత్రం పాలవలె తెల్లబడుతుంది. కొవ్వుతోపాటు మాంసకృత్తులు కూడా నష్టమై రోగి చిక్కిపోతాడు. ఇటువంటి వారికి మామూలు నూనె, నెయ్యి తగ్గించి మధ్యశృంఖల కొవ్వులను ఇస్తారు. ఇవి ఎక్కువగా లాక్టియల్స్‌లోకి పోక నిర్వాహక సిరలో చేరుతాయి.